ఎర్ర గుడ్డ విప్పిందెవరు?

పోయిన నెలలో ఒక ఉదయం యాప్రాల్‌లోని మా ఇంటి బాల్కనీలో కూర్చుని టీ తాగుతూ ఫోను తెరిస్తే, మా పాత రేసు మిత్రుల వాట్సాప్ గుంపులో ఎవరో ఒక పొడవాటి పట్టిక పెట్టి ఉన్నారు. జాతీయ మోటార్‌సైకిల్ రోడ్ రేసింగ్ చాంపియన్‌షిప్ మొదలైన నాటి నుంచి ఈ ఏటి దాకా ఏ సంవత్సరం ఏ తరగతిలో ఎవరు గెలిచారో, ఏ బండి మీద గెలిచారో, పాత పత్రికలు తిరగేసి, బతికి ఉన్న మాలాంటి వాళ్లను అడిగి, ఎవరో ఇంజనీరు ఓపికగా తయారుచేసిన పట్టికట అది. కళ్లద్దాలు తెచ్చుకుని మా ఏడాది దగ్గరికి వేలితో జరుపుకుంటూ వెళ్లాను. అక్కడ కోయంబత్తూరు రైడరు పేరు ఉంది. పక్కన సన్నటి అక్షరాల్లో, మొదట వచ్చిన సికింద్రాబాద్ రైడరు ఇంజను నిబంధనలు ఉల్లంఘించినందుకు అనర్హుడయ్యాడని ఒక్క వాక్యం. నా పేరు కూడా రాయలేదు. ఆ కింది రెండు సంవత్సరాల ఎదుట మాత్రం మా బావ పేరు, రెండుసార్లూ బంగారు రంగు కప్పు బొమ్మతో సహా ఉంది.

నాకు కష్టం కలగలేదని చెబితే అబద్ధమవుతుంది గాని, అది పాత గాయం, ఎప్పుడో మానిపోయిందనే అనుకున్నాను. ఆ సాయంత్రమే బావ ఫోన్ చేశాడు. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు హాల్లో ఆయనకు సన్మానం చేస్తున్నారనీ, పాతకాలం రేసుల గురించి నేను ఓ పది నిమిషాలు మాట్లాడాలనీ అన్నాడు. "నాకంటే నీకే ఎక్కువ యాది ఉంటది బామ్మర్దీ, పాత ముచ్చట్లు నువ్వే చెప్పాలె" అన్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఇన్నేళ్లూ ఆయన కప్పులను నా కప్పుల్లాగే చూసి మురిసిపోయినవాణ్ని.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మోటార్‌సైకిళ్లు వీధికి ఒకటో రెండో ఉండేవి, చప్పుడును బట్టి ఏ ఇంటాయన వస్తున్నాడో వంటింట్లో ఉన్న ఆడవాళ్లు కూడా చెప్పేసేవారు. మాది బోయిగూడలో ఒక ఇరుకు గల్లీ. నాన్న రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. మా మేనత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, కొడుకును చంకనేసుకుని మా ఇంటికే వచ్చేసింది గనక, బావా నేనూ ఒకే కంచంలో తిని, ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగాం. ఆయన నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. చూడచక్కనివాడు, మాటకారి, ఇంగ్లిష్ గడగడా మాట్లాడేవాడు. నాకు మాటలు తక్కువ, నలుగురిలో నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నాకొక చెల్లెలు. ఆమెను బావకే ఇవ్వాలని ఆమె ఊయలలో ఉన్నప్పుడే పెద్దవాళ్లు అనుకున్నారు. ఆమె కూడా పెద్దయ్యాక ఆ మాటకు అడ్డు చెప్పలేదు సరికదా, బావ వస్తున్న అలికిడి వినిపిస్తే ఏదో పని కల్పించుకుని గడప దగ్గరికి వచ్చేది.

మా గల్లీ మొగలో ఉస్తాద్ షెడ్డు ఉండేది. మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చిన మనిషి, మా అందరికంటే చక్కటి తెలుగు మాట్లాడేవాడు, కోపం వస్తే మాత్రం ఉర్దూలోకి దిగేవాడు. ఇంజను విప్పితే కింద ఉతికిన గుడ్డ పరిచి, ఒక్కో సామానూ తుడిచి వరసగా పేర్చేవాడు, అది చూస్తే పెళ్లివారి పళ్లేలు పేర్చినట్టుండేది. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఇంజను ఏమో చెప్తది బేటా, జెర చెవి పెట్టు" అని నాకూ వినిపించేవాడు. మొదట్లో నాకు గోల తప్ప ఏమీ వినిపించేది కాదు. ఏడాది తిరిగేసరికి ఏ బేరింగు అలసిపోయిందో వినగలిగాను. నాన్న తరువాత నాకు చదువు చెప్పినవాడు ఎవరంటే ఆయనే.

యాక్సిడెంటులో ముందుభాగం నుజ్జయిన ఒక టూ స్ట్రోక్ బండిని బావా నేనూ కలిసి కొన్నాం. ఉస్తాద్ దాన్ని ఆరు నెలలు కూర్చుని రేసు బండిగా చేశాడు. అప్పట్లో యాప్రాల్ అంటే రాళ్లగుట్టలూ చేన్లూ, మధ్యలో మనిషి పురుగు లేని ఒక తారు రోడ్డు. తెల్లవారేసరికి అక్కడికి వెళ్లి మలుపుల దగ్గర బండిని పక్కకు వంచి మోకాలు నేలకు దించడం నేర్చుకున్నాం. ఇప్పుడు నేను ఉండే అపార్ట్‌మెంటు ముందున్నది ఆ రోడ్డే, అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు.

నేను వేగంగా నడుపుతానని ముందు కనిపెట్టింది ఉస్తాదే. బావ కూడా మంచి రైడరు, అందులో సందేహం లేదు, కానీ ఒకే మలుపులో ఒకే బండి మీద నేను ఎప్పుడూ ఒక గజం ముందుండేవాణ్ని. ఉన్నది ఒక్క బండి గనక, ఇంజను సైజుకు పరిమితి ఉండే చాంపియన్‌షిప్ తరగతిలో నేనూ, ఎంత పెద్ద ఇంజనైనా పెట్టుకోగల ఓపెన్ తరగతిలో బావా నడపాలని ఒప్పందం చేసుకున్నాం. అందుకోసం ఉస్తాద్ రెండు రకాల సిలిండర్ బ్లాకులు తయారుచేశాడు. బ్లాక్ అంటే తెలియనివాళ్లకు, పిస్టన్ కిందికీ పైకీ ఆడే ఇనుప గొట్టం. చిన్నవి నా తరగతికి, ఒకటి పాడైతే వేయడానికి ఇంకొకటి అదనంగా ఉండేది. పెద్దది బావకు. బయటి నుంచి చూస్తే కవల పిల్లల్లా ఉండేవి. అందుకని అదనపు చిన్న బ్లాకును తెల్ల గుడ్డలోనూ, పెద్ద బ్లాకును ఎర్ర గుడ్డలోనూ చుట్టి రేకు పెట్టెలో పెట్టి ఇచ్చేవాడు. ఆయనకు ఉబ్బసం, ప్రయాణాలు పడేవి కావు. రేసు దగ్గర మెకానిక్ పని బావ చూసుకునేవాడు.

అప్పటి చాంపియన్‌షిప్ ఇప్పటిలా లేదు. ప్రత్యేకమైన ట్రాకులు ఇంకా రాలేదు. మద్రాసు శివారులో వదిలేసిన పాత విమానాల రన్‌వే మీద డ్రమ్ములూ గడ్డిమోపులూ పెట్టి మలుపులు చేసేవారు. సిమెంటు పలకల అతుకుల మీద బండి ఎగిరెగిరి పడేది. వెదురు బద్దలతో కట్టిన గ్యాలరీల నిండా జనం, ఇంజను నూనెలో ఆముదం కాలే ఆ కమ్మటి వాసన, చెవుల్లో దూది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పెట్రోలు ఖాళీ చేయించి, గోనెసంచులు చుట్టి బండిని పార్సిల్ పెట్టెలో ఎక్కించి, మేమిద్దరం జనరల్ బోగీలో రేకు పెట్టె మీదే వంతులవారీగా కూర్చుని వెళ్లేవాళ్లం. తోలు సూట్ ఒక్కటే ఉండేది. నాకు భుజాల దగ్గర వదులు, బావకు నడుము దగ్గర బిగుతు.

ఆ ఏడాది నేను అనుకోనంత బాగా నడిపాను. చివరి రేసుకు మద్రాసు వెళ్లేసరికి, అది గెలిస్తే దేశంలో చాంపియన్‌ని నేనే. రెండో స్థానంలో కోయంబత్తూరు రైడరు ఉన్నాడు. పైగా ఒక బండ్ల కంపెనీ మనిషి వచ్చి, వచ్చే ఏటి తమ జట్టులోకి సికింద్రాబాద్ నుంచి ఒకరిని తీసుకుంటామనీ, ఈ చివరి రేసు చూసి నిర్ణయిస్తామనీ మా ఇద్దరితోనూ చెప్పి వెళ్లాడు. ఒకరిని అన్న మాట నా చెవిలో పడింది గాని మనసులో పడలేదు. నాకు దొరికితే బావకు దొరికినట్టే కదా, ఆయన మెకానిక్‌గా నాతోనే ఉంటాడు కదా అనుకున్నాను. ఆయన ఏమనుకున్నాడో అడగాలని కూడా తోచలేదు.

రేసు రోజు ఉదయం ప్రాక్టీసులో ఇంజను జామ్ అయి వెనక చక్రం బిగుసుకుపోయింది. నేను పడి ఎడమ చేతి వేళ్లు చెక్కుకుపోయాయి. డాక్టరు డేరాలో కట్టు కట్టించుకుని వచ్చేలోపు, బావ పెట్టె తెరిచి, పాడైన బ్లాక్ తీసేసి, వేరేది బిగించి, చెమటలు కక్కుతూ బండిని సిద్ధం చేసి ఉంచాడు. నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ఆ మధ్యాహ్నం నేను నడిపినట్టు మరెప్పుడూ నడపలేదు. రెండో చుట్టులో ముందుకు వచ్చినవాణ్ని చివరిదాకా వెనక్కి తిరిగి చూడలేదు. తిన్నటి దారి మీద బండి ఎందుకో ఇంకా ఇంకా లాగుతోంది అనిపించింది. ఉస్తాద్ చేతి మహిమ అనుకుని మనసులోనే దండం పెట్టుకున్నాను.

గెలిచిన బండ్లను తాళ్లు కట్టిన ఆవరణలో అరగంట ఉంచేవారు. ఆ లోపు ఎవరికైనా అనుమానం ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. పాతిక నిమిషాలు గడిచాక కోయంబత్తూరు రైడరు కాగితం ఇచ్చాడు. ఇంజను మొత్తం విప్పమని అడగలేదు. సిలిండర్ బ్లాక్ ఒక్కటి కొలవండి అని రాశాడు. పెద్దాయన ఒకరు వచ్చి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారి కొలిచి, నా మొహం చూడకుండా పక్కవాడికి అంకె చెప్పాడు. పెద్ద బ్లాక్. నేను దొంగబండి మీద గెలిచాను. నా వెనక నిలబడ్డ బావ నా భుజం మీద చేయి వేసి గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు వల్లే ఆ రోజు కింద పడకుండా ఉన్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను.

తిరుగు ప్రయాణంలో రైలు విజయవాడ దాటింది. బావే మెల్లగా మొదలుపెట్టాడు. తెల్ల గుడ్డలో ఉన్నదే తాను బిగించాననీ, గుడ్డల్లో బ్లాకులు మార్చి పెట్టింది ఉస్తాదేననీ, నెల కిందట కోయంబత్తూరు జట్టు వాళ్లు ఉస్తాద్ దగ్గర ఇంజను చేయించుకుని వెళ్లిన సంగతి నాకు గుర్తులేదా అనీ. అంతే, నా లోపల ఏదో పేలిపోయింది. ఇంటికి కూడా వెళ్లకుండా స్టేషన్ నుంచి నేరుగా షెడ్డుకు వెళ్లి, గిరాకీల ముందు అరిచాను.

"ఎవరికి అమ్ముడుపోయినవ్ ఉస్తాద్?"

ఆయన చేతిలో పానా కింద పెట్టాడు. సంగతంతా విని, ఒక్కటే అడిగాడు.

"ఎర్ర గుడ్డ ఎవరు విప్పిండ్రు బేటా?"

"ఎర్ర గుడ్డ ఎవరూ విప్పలే. పెద్ద బ్లాక్‌ను నువ్వే తెల్ల గుడ్డల చుట్టినవ్."

"నువ్వు చూసినవా?"

"బావ చెప్పిండు."

ఉస్తాద్ నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తరువాత, "సరే బేటా, తప్పు నాదే అనుకో" అని మళ్లీ పానా అందుకున్నాడు. తప్పు ఒప్పుకున్నాడనే నేను ఇల్లు చేరి అందరికీ చెప్పాను. రేసు లోకం చిన్నది, ఆ మాట వారంలో మద్రాసు దాకా వెళ్లింది.

నన్ను రెండేళ్లు నిషేధించారు. బావను నెల తిరక్కుండా కంపెనీ తీసుకుంది. ఆ వేసవిలోనే చెల్లెలి పెళ్లి. శుభలేఖలు పంచే జాబితాలో నాన్న రాసిన ఉస్తాద్ పేరును నా చేత్తోనే కొట్టేశాను. బావ తరువాతి రెండేళ్లూ చాంపియన్ అయ్యాడు. నిషేధం ముగిసేనాటికి నేను బస్సు డిపోలో మెకానిక్‌గా చేరిపోయాను, మళ్లీ రేసుల జోలికి వెళ్లలేదు. కొన్నేళ్లకు ఉస్తాద్ పోయారని తెలిసింది. డ్యూటీలో ఉన్నాను అని నాకు నేనే చెప్పుకుని, వెళ్లలేదు.

ఇదీ నాకు తెలిసిన కథ. పోయిన నెల దాకా ఇదే నిజం.

సన్మానంలో మాట్లాడబోయే ముందు పాత సంగతులు కొన్ని సరిచూసుకుందామని కోయంబత్తూరు రైడరుకు ఫోన్ చేశాను. వాళ్లది ఎన్నో తరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నాకంటే మూడేళ్లు పెద్ద, గొంతు వణుకుతోంది గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు. రన్‌వే మీద ఎన్ని మలుపులుండేవి, ఏ డ్రమ్ము దగ్గర ఎవరు పడ్డారు అన్నీ చెప్పుకుని నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేముందు, ఆ రోజు కాగితంలో బ్లాక్ ఒక్కటే కొలవమని ఎలా రాశావయ్యా, ఉస్తాద్ నీకు ఏమని చెప్పాడు అని, కోపమేమీ లేకుండా, ఊరికే అడిగాను.

"ఉస్తాద్ ఎవురప్పా? మీ బావే కదా నా దగ్గిరికి వచ్చి చెప్పినాడు, పెద్ద బ్లాక్ వేసి ఉండారు, కొలిపించు అని. తప్పు ఓర్చుకోలేని మనిషి అనుకొంటిని. ఇన్నాళ్లూ నీకు తెలవదా?"

ఆయన ఇంకా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కింద రోడ్డు మీద బండ్లు ఒక్కొక్కటిగా స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగుతున్నాయి. నా భార్య వచ్చి టిఫిన్ చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పిందట.

మర్నాడు మారేడ్‌పల్లిలో బావ ఇంటికి వెళ్లాను. చెల్లెలు కూరగాయలకు వెళ్లింది. ఆయన సన్మానంలో ప్రదర్శించడానికి పాత ఫోటోలు బల్ల మీద పరిచి ఎంచుతున్నాడు. నేను విన్నది చెప్పాను. కాదంటాడనీ, కోప్పడతాడనీ, నేను పొరబడ్డానని రుజువు చేస్తాడనీ ఎంత ఆశపడ్డానో! ఆయన చేతిలో ఉన్న ఫోటోను జాగ్రత్తగా మిగతావాటి మీద పెట్టాడు.

"ఇప్పుడెందుకు బామ్మర్దీ అవన్నీ? ఎన్నేండ్లయిపాయె."

బల్ల మీది ఫోటోలు చూస్తూ నిలబడ్డాను. మళ్లీ ఆయనే అందుకున్నాడు.

"ఒక్కటే సీటు ఉండె. నువ్వు గెలిచినా వాళ్లు నీతోని ఏం చేస్తుండ్రి చెప్పు? నీకు ఇంగ్లిష్ రాదు, ఫోటో దిగుమంటే తల దించుకుంటవ్. నేను పోతె ఇంటికంతా మంచిగైతదనుకున్న." గొంతు తగ్గించి అన్నాడు. "నీ చెల్లెకు ఏమన్న తక్కువ చేసిన్నా?"

తక్కువ చేయలేదు. ఆ మాట నిజమే, అందుకే అది నన్ను కోసేసింది. ఆమెను బాగా చూసుకున్నందుకు ఆ పాత లెక్క తీరిపోయిందని ఆయన నమ్ముతున్నాడు. క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు, నేను ఎదురుచూస్తున్నానని కూడా ఆయనకు తోచలేదు. ఇంతలో గేటు చప్పుడైంది. చెల్లెలు కూరల సంచీతో లోపలికి వస్తూ, "అన్నా, ఎప్పుడొచ్చినవ్? కూసో, చాయ్ పెడ్తా" అంది. కూర్చున్నాను. చాయ్ తాగాను.

అక్కడి నుంచి ఆటో ఎక్కి బోయిగూడ వెళ్లాను. ఉస్తాద్ షెడ్డు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. మేడ మీద ఉస్తాద్ కూతురు కుట్టుమిషన్ పెట్టుకుని ఉంటోంది. నేను చివరిసారి చూసినప్పుడు ఆరేడేళ్ల పిల్ల, ఇప్పుడు జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది గాని కూర్చోమని వెంటనే అనలేదు. నిలబడే అంతా చెప్పాను. ఆమె మిషన్ చక్రం మీద చేయి ఉంచి చివరిదాకా విన్నది.

"అబ్బాకు తెల్సు అన్నా" అంది.

"మీరు లొల్లి చేసి పోయినంక అమ్మ అడిగింది, నీ తప్పు లేకుంటె ఎందుకు ఒప్పుకున్నవ్ అని. పెద్ద బ్లాక్ అంచుకు రెండు చుక్కలు కొట్టి మీ బావకు చూపించిండంట. గుడ్డలు మారినా చుక్కలు చూస్తే తెలుస్తది, తెలిసే బిగించిండు అన్నడు. మరి పోయి చెప్పు అని అమ్మ అంటే, చెప్తే ఆ పిల్ల లగ్గం ఆగిపోతది, నాకేముంది, రేపు ఇంకో బండి వస్తది అన్నడు." ఆమె సూది కింది గుడ్డను సరిచేసుకుంది. "రాలే అన్నా. రేసు బండి మళ్ల ఎవ్వరూ తేలే. స్కూటర్లకు పంక్చర్లు వేసుకుంట పోయిండు. అబ్బా పోయిన నాడు మయ్యత్‌కు మీరు సుత రాలే."

నన్ను బావ మోసం చేశాడు, నిజమే. కానీ బావ నాకు చెప్పింది ఒక్క మాట. ఆ ఒక్క మాటను ఆలోచించకుండా నమ్మింది నేను. ఒక పక్క రక్తసంబంధం, ఇంకో పక్క నాకు చెవి పెట్టి వినడం నేర్పిన మనిషి. అనుమానం ఎవరి మీదికి పోవాలో నేను క్షణం కూడా తడుముకోలేదు. సన్మానానికి రమ్మని ఆమెను పిలిచాను. "నేనొచ్చి ఏం చెయ్యాలె?" అంది. ఉస్తాద్ పేరు అక్కడ వినిపిస్తుంది, వినడానికి ఆయన తరఫున ఎవరైనా ఉండాలి అన్నాను. వస్తానని చెప్పలేదు, రానని కూడా అనలేదు.

సన్మానం ఆదివారం ఉదయం జరిగింది. హాలు నిండింది. బావకు శాలువా కప్పి, పెద్ద జ్ఞాపిక ఇచ్చి, ఎందరో పొగిడారు. ముందు వరసలో చెల్లెలు కంచిపట్టు చీరలో వెలిగిపోతూ కూర్చుంది. చివరి వరసలో, తలుపు పక్కన, ఉస్తాద్ కూతురు కనిపించింది. నన్ను పిలిచేసరికి, రాసుకున్న కాగితాలు కుర్చీలోనే వదిలేసి మైకు దగ్గరికి వెళ్లాను. రన్‌వే గురించి, గడ్డిమోపుల గురించి, ఆముదం వాసన గురించి నాలుగు మాటలు చెప్పాను. తరువాత ఉస్తాద్ గురించి చెప్పాను. ఆయన చేతుల్లో తయారైన ఇంజను మీదే ఇక్కడి నుంచి ఇద్దరం దేశమంతా తిరిగామని, ఆ చివరి రేసులో బ్లాక్ మారినందుకు ఆయన్ను ద్రోహి అని అరిచింది నేనేనని, ఆయన ఏ గుడ్డలో చుట్టాల్సింది ఆ గుడ్డలోనే చుట్టాడని, తప్పు ఆయనది కాదని ఆలస్యంగా తెలుసుకున్నానని, ఆయన కూతురి ఎదుట చేతులు జోడించి క్షమించమని అడుగుతున్నానని అన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. ముసలాయన కళ్లు తుడుచుకుంటున్నాడని జనం జాలిగా చప్పట్లు కొట్టారు. బావ శాలువా అంచు కుచ్చులను ఒక్కొక్కటే వేళ్లతో దువ్వుతూ కూర్చున్నాడు.

పట్టిక తయారుచేసిన ఇంజనీరు మెట్ల దగ్గర పరుగున వచ్చి, మరి బ్లాక్ మార్చింది ఎవరు సార్, రాసుకుంటాను అన్నాడు. ఉస్తాద్ కాదని రాసుకో, అది చాలు అన్నాను. ఉస్తాద్ కూతురు అప్పటికే వెళ్లిపోయింది. నన్ను క్షమించిందో లేదో తెలియదు. వచ్చింది, అంతే చాలు అనుకున్నాను.

కానీ భోజనాల దగ్గర చెల్లెలు నన్ను పక్కకు పిలిచింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, గొంతు బాగా తగ్గించింది.

"అన్నా, మద్రాసుకు పోయింది మీ ఇద్దరే కదా?"

అవునన్నాను. నా మొహంలో ఏం కనిపించిందో, కొంగు సర్దుకుని నెమ్మదిగా వెళ్లిపోయింది. కారు దగ్గర బావ ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది.

ఆదివారాలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మోకాళ్ల నొప్పుల గురించి, పనిమనిషి గురించి మాట్లాడుతుంది. బావ ఊసెత్తదు. నేనూ ఎత్తను. ఉస్తాద్ తన పని పోయినా, పేరు పోయినా, పరాయింటి ఆడపిల్ల కోసం చచ్చిపోయేదాకా నోరు మూసుకుని ఉన్నాడు. తోడబుట్టినవాణ్ని నేను, ఒక్క వారం ఉండలేకపోయాను. ఉస్తాద్‌కు న్యాయం చేశానని ఒక పూట అనిపిస్తుంది, ఆయన కాపాడిన దాన్నే నా చేతులతో పాడుచేశానని మరో పూట అనిపిస్తుంది.

ఈమధ్య గుంపులో కొత్త రేసుల వీడియోలు వస్తుంటాయి. మద్రాసు దగ్గరా, కోయంబత్తూరు దగ్గరా చక్కటి ట్రాకులు ఉన్నాయి. ఆడపిల్లలు కూడా బ్రహ్మాండంగా నడుపుతున్నారు. టూ స్ట్రోక్ బండ్లు పోయాయి, ఆ వాసనా పోయింది. అన్నిటికంటే నాకు వింతగా కనిపించేది ఇంజనుకు వేసే సీలు. అధికారులు తీగ గుచ్చి ముద్ర వేస్తారు, ఆ తరువాత సొంత అన్నదమ్ములైనా దాన్ని తాకడానికి లేదు. మొదటిసారి చూసినప్పుడు, ఏం కాలం వచ్చింది, మనిషికి మనిషి మీద నమ్మకం లేకుండా పోయింది అని మా గుంపులో నేనే పెద్ద వ్యాఖ్య రాశాను. బోలెడంతమంది నా ఈడు వాళ్లు అవునవునని దండాల బొమ్మలు పెట్టారు. ఇప్పుడు ఆ వ్యాఖ్యను వెతికి తీసేద్దామంటే దొరకడం లేదు. పోయిన కప్పు గురించి ఏడవడం ఏనాడో మానేశాను గాని, మా రోజులే మంచివి అని పదిమందిలో ధైర్యంగా చెప్పుకునే మాట ఒకటి నాకు మిగిలి ఉండేది. ఈ వయసులో అది కూడా పోయింది.